పట్టాలున్న ఊరు.. పట్టాలు లేని ఊళ్లు

మిర్యాలగూడకు గూడ్సు బండి బలం.. సూర్యాపేట, కోదాడలకు రహదారే ఆధారం
కొత్త రైలు మార్గంపై తేల్చుకోవాల్సింది స్టేషన్ ఒక్కటే కాదు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ: వరినాట్లు పూర్తయి పైరు పచ్చబడే వేళ సూర్యాపేట జిల్లాలో ఏ సహకార సంఘం ముందు నిలబడినా వినిపించే ప్రశ్న ఒకటే. 'రేక్ వచ్చిందా?' రేక్ అంటే వ్యాగన్లన్నీ కలిసిన పూర్తి గూడ్సు రైలు. విచిత్రమేమంటే ఆ మాట వాడే రైతుల్లో అత్యధికుల ఊళ్లకు రైలే రాదు. యూరియా రేక్ మిర్యాలగూడకు వస్తుంది. అక్కడి గూడ్సు షెడ్డులో హమాలీలు బస్తాలు దించి, లారీలకెత్తి, సొసైటీలకూ డీలర్లకూ చేరవేస్తే గానీ పైరుకు ఎరువు అందదు. 2025 ఆగస్టు, సెప్టెంబరు మాసాల్లో యూరియా కొరతతో రాష్ట్రమంతటా రైతులు తెల్లవారుజాము నుంచే బారులు తీరినప్పుడు, రైలు కూత వినని పల్లెల్లో సైతం రేక్ రాకపోకలే చర్చనీయాంశమయ్యాయి. రైల్వేకూ సామాన్యుని జీవితానికీ ఉన్న సంబంధం టికెట్టుతో మొదలై టికెట్టుతో ముగిసేది కాదనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు.

ఒకదాని నుంచి మరొకటి గంట, గంటన్నర ప్రయాణంలో ఉన్న మూడు పట్టణాలివి. మూడింటికీ సాగర్ నీరుంది, వరి ఉంది, వ్యాపారం ఉంది. మిర్యాలగూడ రైలు మార్గంపై ఉంది. సూర్యాపేటకు రైలు లేదు, హైదరాబాద్-విజయవాడ జాతీయ రహదారి ఉంది. కోదాడది మధ్యస్థ స్థితి. పట్టణానికి రైలు లేదు గానీ, సమీపంలోని మేళ్లచెరువు మీదుగా సిమెంటు, బొగ్గు మోసే గూడ్సు బండ్లు వెళుతుంటాయి. అభివృద్ధి చెందుతున్న దేశానికి రైల్వే ఏం చేస్తుంది, ఏం చేయదు అన్న విషయాన్ని పుస్తకాలు తిరగేయకుండానే అర్థం చేసుకునేందుకు ఈ మూడు ఊళ్లు చాలు.

ఒక రైలు.. 130 లారీలు

ఆహారధాన్యాలు, ఎరువులు తీసుకువెళ్లే మూత వ్యాగన్ల రేక్‌లో సాధారణంగా 42 వ్యాగన్లుంటాయి. దానిలో సుమారు 2,600 టన్నుల సరకు పడుతుంది. 45 కిలోల యూరియా బస్తాల్లో లెక్కిస్తే 57 వేలకు పైగా బస్తాలు. అదే సరకును 20 టన్నుల చొప్పున లారీలకెత్తితే 130 లారీలు కావాలి. 130 మంది డ్రైవర్లు, అన్ని ట్యాంకుల డీజిలు, ప్రతి టోల్‌గేటు వద్ద 130 చెల్లింపులు. గూడ్సు రైలుకు ఒక ఇంజను, ముగ్గురు సిబ్బంది సరిపోతారు. ఇనుప పట్టాలపై ఇనుప చక్రం దొర్లేటప్పుడు కలిగే నిరోధం తారురోడ్డుపై రబ్బరు టైరుకు కలిగే నిరోధంలో స్వల్ప భాగమే. బరువు పెరిగే కొద్దీ, దూరం పెరిగే కొద్దీ రైలు చవక కావడంలోని రహస్యమంతా ఇక్కడే ఉంది.

అయితే ఈ చవకతనం అందరికీ దక్కదు. రైల్వే నేడు ఒకటి రెండు వ్యాగన్ల సరకును పట్టించుకోవడం దాదాపు మానుకుంది. పూర్తి రేక్ నింపగలిగిన వారికే పెద్దపీట. 20 వ్యాగన్లతో మినీ రేక్ సదుపాయం ఉన్నా, అది కూడా చిన్న వ్యాపారికి అందుబాటులో లేని పరిమాణమే. ఆపై రేక్ వచ్చాక నిర్ణీత గంటల్లో ఎత్తడమో దించడమో పూర్తికావాలి. లేకుంటే డెమరేజీ మోత. అందుచేత రైలు మార్గం ఉన్నంత మాత్రాన ఊరికి లాభం రాదు. రైలును నింపగల సరకు, దాన్ని ఒకచోట కుప్పవేయగల గోదాములు, వేగంగా ఎత్తగల హమాలీలు ఉండాలి. మిర్యాలగూడకు ఇవన్నీ సమకూరాయి.

నీరొచ్చాక రైలొచ్చింది

మిర్యాలగూడ తొలినుంచీ ధాన్యపు పట్టణం కాదు. 1955 డిసెంబరు 10న ప్రధాని నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. ఎడమ కాలువ కింద ఒకనాటి మెట్ట భూములు మాగాణులయ్యాయి. 1970వ దశకంలో చేపట్టిన బీబీనగర్-నడికుడి రైలు మార్గం 1980వ దశకం చివరకు పూర్తయింది. నల్గొండ, మిర్యాలగూడల మీదుగా సాగి, విష్ణుపురం దాటాక కృష్ణానదిని దాటి, 1930 నాటి గుంటూరు-మాచర్ల మార్గాన్ని కలుసుకుంది.

నీరు ముందు వచ్చి, పట్టాలు తర్వాత రావడం మిర్యాలగూడకు కలిసివచ్చింది. అప్పటికే చేతిలో ధాన్యం ఉంది. దాన్ని దూర ప్రాంతాలకు పంపే దారి దొరకగానే మిల్లులు వరుసకట్టాయి. పారాబాయిల్డ్ బియ్యం తినే కేరళ, తమిళనాడులకు తెలంగాణ బియ్యం భారత ఆహార సంస్థ ద్వారా రేక్‌లలోనే వెళుతోంది. బియ్యమే కాదు, తవుడు నుంచి నూనె తీసే పరిశ్రమ, సంచుల వ్యాపారం, లారీ బాడుగలు, హమాలీ సంఘాలు.. ఒకదాన్ని పట్టుకుని ఒకటి పెరిగాయి. పరిశ్రమ వస్తే రైలు వస్తుందా, రైలు వస్తే పరిశ్రమ వస్తుందా అన్న వాదన తరచూ వినిపిస్తుంటుంది. మిర్యాలగూడ వరకు జవాబు: కాలువ వచ్చింది కాబట్టి రెండూ వచ్చాయి.

సరకు ఎంత దూరం వెళుతుందన్నది కూడా చూడాలి. మిర్యాలగూడ నుంచి హైదరాబాద్‌కు బియ్యం రైలులో పంపాలని ఎవరూ అనుకోరు. మిల్లు వద్ద లారీకెత్తి, గూడ్సు షెడ్డులో దించి, వ్యాగన్‌కెత్తి, మళ్లీ దించి, మళ్లీ లారీకెత్తేసరికి హమాలీ ఖర్చే మిగులును మింగేస్తుంది. దగ్గరి దూరాలకు లారీయే మేలు. సూర్యాపేట వ్యాపారులు ఇన్నేళ్లుగా రైలు లేకుండానే నెట్టుకురావడానికి ఇదొక కారణం.

పేటను వదిలేసిన నిజాం రైలు

సికింద్రాబాద్ నుంచి విజయవాడకు కాజీపేట మీదుగా రైలు దూరం 350 కిలోమీటర్లు. సూర్యాపేట, కోదాడల మీదుగా రహదారి అంతకంటే 70 కిలోమీటర్లకు పైగా తక్కువ. దగ్గరి దారి ఉండగా నిజాం ప్రభుత్వం ఎందుకు చుట్టు తిప్పింది? ఆనాటి రైలు ప్రయాణికులను వెదుక్కుంటూ పోలేదు. బొగ్గును వెదుక్కుంటూ పోయింది. 1871లో ఇల్లందు వద్ద డాక్టర్ విలియం కింగ్ బొగ్గు నిక్షేపాలను గుర్తించారు. రైలు వరంగల్ మీదుగా డోర్నకల్ చేరి, అక్కడి నుంచి ఒక శాఖ బొగ్గు గనులకు, ప్రధాన మార్గం ఖమ్మం మీదుగా 1889లో బెజవాడకు చేరింది. నల్గొండ జిల్లా తూర్పు భాగంలో అప్పట్లో బొగ్గు లేదు, సాగర్ కాలువ లేదు. సున్నపురాయి ఉన్నా సిమెంటు ఫ్యాక్టరీలు లేవు. రైలు రాలేదు.

ఆ మార్గం ఊరికే రాలేదన్నది కూడా గుర్తుంచుకోదగ్గ విషయం. 1883లో లండన్‌లో నమోదైన నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ పెట్టిన పెట్టుబడిపై ఏటా 5 శాతం రాబడికి 20 ఏళ్లపాటు నిజాం ఖజానాయే పూచీ. బండి నిండినా నిండకపోయినా వాటాదారులకు వడ్డీ చెల్లించాల్సిందే. చాందా రైల్వే పథకంగా పేరుపడిన ఈ ఒప్పందం వివరాలను ప్రజల ముందుంచాలని హైదరాబాద్‌లో ఆందోళన చెలరేగింది. అందులో ముందు నిలిచిన అఘోరనాథ చటోపాధ్యాయను, అంటే సరోజినీనాయుడు తండ్రిని, ప్రభుత్వం ఉద్యోగం నుంచి తొలగించి నగర బహిష్కారం విధించింది. రైలు మంచిదా చెడ్డదా అన్నది నాటి ఆందోళనకారుల ప్రశ్న కాదు. ఖర్చు ఎవరిది, లాభం ఎవరిది అని అడిగారు. చివరకు 1930లో నిజాం ప్రభుత్వమే కంపెనీని కొనుగోలు చేసింది.

రైలు లేని ఊళ్ల సంగతి? 1932 జూన్‌లో నిజాం రైల్వేయే 27 బస్సులతో రోడ్డు రవాణా విభాగాన్ని ప్రారంభించింది. నేటి ఆర్టీసీకి మూలం అదే. పట్టాలు వేయని చోటికి బస్సు పంపడం ద్వారా రైల్వే ఒకరకంగా తన లోటును తానే పూడ్చుకుంది. సూర్యాపేట బస్టాండు రద్దీ చూసినవారికి ఈ చరిత్ర కాస్త నవ్వు తెప్పించక మానదు.

ఉప్పు ధర చెప్పిన కథ

పట్టాలు పడితే జనం ఆదాయం నిజంగా పెరుగుతుందా అన్నదానిపై ఆర్థికవేత్త డేవ్ డొనాల్డ్‌సన్ 1870 నుంచి 1930 వరకు భారతదేశపు జిల్లాల లెక్కలు పరిశీలించారు. రవాణా ఖర్చును కొలిచేందుకు ఆయన ఉప్పును ఎంచుకున్నారు. ఉప్పు కొన్ని నిర్దిష్ట ప్రాంతాల్లోనే తయారవుతుంది, అన్నిచోట్లా అమ్ముడవుతుంది. కనుక తయారైన చోటికీ అమ్ముడైన చోటికీ మధ్య ధరలోని తేడా దాదాపుగా రవాణా ఖర్చే. రైలు చేరిన జిల్లాల్లో ఆ తేడా తగ్గింది. వ్యవసాయ ఆదాయం సుమారు 16 శాతం పెరిగినట్టు ఆయన లెక్క తేల్చారు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. 1876-78 నాటి మహాక్షామంలో మద్రాసు రాజధానిలో లక్షలాది మంది ఆకలితో మరణిస్తున్నా రేవుల నుంచి ధాన్యం ఎగుమతి ఆగలేదు. రైలు ధాన్యాన్ని తేగలదు, తరలించుకుపోనూ గలదు. ఎటు వైపు తిరిగి నడుస్తుందన్నది ధర నిర్ణయిస్తుంది, కొనుగోలు శక్తి నిర్ణయిస్తుంది.

ఇదే సూత్రాన్ని నేటి సూర్యాపేట మార్కెట్ యార్డుకు అన్వయించి చూడవచ్చు. రైతుకు అందే ధర అంటే దూరపు మార్కెట్‌లోని ధరలోంచి రవాణా, హమాలీ, కమీషన్ తీసివేయగా మిగిలిందే. రవాణా తగ్గితే ఆ మిగులు పెరగాలి. పెరిగిన దాంట్లో రైతుకెంత, మిల్లరుకెంత, వ్యాపారికెంత అన్నది మాత్రం పట్టాలు చెప్పవు. మద్దతు ధరకు ప్రభుత్వమే కొనే ధాన్యం విషయంలో రైలు వచ్చినా రైతు చేతికొచ్చే మొత్తం ఒక్క రూపాయి మారదు. ఆదా అయ్యేది ప్రభుత్వ సంస్థలకు. రైతుకు నేరుగా మేలు కలిగేది ఎరువుల సరఫరాలో, ప్రైవేటుగా అమ్ముకునే సన్నధాన్యం, పత్తి, మిర్చి వంటి వాటిలో. కొత్త రైలు వస్తే ధాన్యం ధర పెరిగిపోతుందని సభల్లో చెప్పే మాటలను ఈ లెక్కతోనే తూచాలి.

కోదాడ చెంత కూత.. ఎక్కేందుకు లేదు

కోదాడ, హుజూర్‌నగర్ ప్రాంతం కింద ఉన్నది సున్నపురాయి. మేళ్లచెరువు, మఠంపల్లి మొదలుకొని దామరచర్ల మండలంలోని వాడపల్లి వరకు సిమెంటు కర్మాగారాలు వెలిశాయి. సిమెంటుకు రైలు అవసరం రెండు వైపులా ఉంటుంది. బొగ్గు లోపలికి రావాలి, సిమెంటు బయటికి పోవాలి. రెండూ బరువైనవి, కిలో విలువ తక్కువైనవి. కాజీపేట-విజయవాడ ప్రధాన మార్గంలోని మోటుమర్రి వద్ద చీలి జగ్గయ్యపేట, మేళ్లచెరువు, జాన్‌పహాడ్‌ల మీదుగా విష్ణుపురంలో గుంటూరు మార్గాన్ని కలిసే లైను 2010వ దశకంలో దశలవారీగా కొలిక్కి వచ్చింది. దామరచర్ల మండలం వీర్లపాలెంలో 4,000 మెగావాట్ల సామర్థ్యంతో చేపట్టిన యాదాద్రి థర్మల్ కేంద్రానికి విష్ణుపురం వైపు నుంచి రైలు ద్వారా బొగ్గు అందుతోంది.

ఈ లైనుపై ప్రధానంగా గూడ్సు బండ్లదే రాజ్యం. కోదాడ వాసి ఢిల్లీకో చెన్నైకో రైలెక్కాలంటే ఖమ్మమో విజయవాడో చేరుకోక తప్పదు. తమ పొలాల మధ్య నుంచి రైలు పోతున్నా తమకు ఎక్కే భాగ్యం లేదన్న ఆవేదన ఆ ప్రాంత ప్రజల్లో ఉంది. అది న్యాయమైనదే. కానీ రైల్వే లెక్క వేరు. ప్రయాణికుణ్ని తీసుకెళ్లేందుకు అయ్యే ఖర్చులో సగానికి కొంచెం పైన మాత్రమే టికెట్ల ద్వారా వస్తోందని ఆ శాఖ చెబుతోంది. మిగతా లోటును పూడ్చేది గూడ్సు ఆదాయమే. 2024-25లో దేశవ్యాప్తంగా రైల్వే 160 కోట్ల టన్నులకు పైగా సరకు రవాణా చేసింది, అందులో సుమారు సగం బొగ్గు. మేళ్లచెరువు సిమెంటు బస్తాపై పడే రైలు కిరాయిలో కొంత భాగం ఎక్కడో సాధారణ బోగీలో ప్రయాణించే కూలీ టికెట్టును చవక చేస్తోందన్న మాట. కూలీకి మేలే. అయితే గూడ్సు కిరాయి హెచ్చిన కొద్దీ సరకు లారీల వైపు మళ్లుతుంది. స్వాతంత్ర్యం వచ్చిన తొలినాళ్లలో దేశ సరకు రవాణాలో సింహభాగం రైల్వేదే, నేడు మూడో వంతు కూడా లేదు. ఆ మళ్లిన సరకంతా పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్‌గేట్ల వద్ద రాత్రింబవళ్లు బారులు తీరి కనిపిస్తుంది.

ఒకే రహదారిని నమ్ముకోవడంలోని ప్రమాదం 2024 సెప్టెంబరు 1న బయటపడింది. వరద కోదాడను ముంచెత్తింది. నందిగామ సమీపంలోని ఐతవరం వద్ద జాతీయ రహదారిపైకి నీరు చేరి రాకపోకలు స్తంభించాయి. అదే రోజు మహబూబాబాద్ జిల్లాలో కేసముద్రం-ఇంటికన్నె మధ్య పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి కాజీపేట మార్గమూ తెగిపోయింది. పలు రైళ్లను గుంటూరు, నల్గొండల మీదుగా మళ్లించాల్సి వచ్చింది. ఈ మార్గమూ ప్రమాదాలకు అతీతమేమీ కాదు. 2005 అక్టోబరు 29న వలిగొండ వద్ద వరదకు వంతెన కొట్టుకుపోయి డెల్టా ప్యాసింజర్ కూలిన ఘటనలో వంద మందికి పైగా మరణించారు. గుంటూరు-బీబీనగర్ మధ్య 239 కిలోమీటర్ల రెండో లైనుకు 2023 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. అది పూర్తయితే మిర్యాలగూడకు మరిన్ని రైళ్లు, మరిన్ని రేక్‌లు అందుతాయి.

సర్వే రాళ్లు.. భూముల బెంగ

సూర్యాపేటకు రైలు అన్నది దశాబ్దాల డిమాండ్. 2023లో తెలంగాణలో పలు కొత్త మార్గాల తుది స్థల సర్వేకు రైల్వే అనుమతించింది. అందులో డోర్నకల్-మిర్యాలగూడ, డోర్నకల్-గద్వాల మార్గాలు సూర్యాపేటను తాకేవి. సర్వే అంటే మార్గం మంజూరైనట్టు కాదు. సర్వే తర్వాత అంచనా, అంచనా తర్వాత రాబడి లెక్క, ఆ తర్వాతే మంజూరు, నిధులు. ఈ మెట్ల మధ్య ఏళ్లు గడిచిపోవడం మన ప్రాంతానికి కొత్త కాదు.

డోర్నకల్-మిర్యాలగూడ సర్వే మొదలయ్యాక ఖమ్మం జిల్లా పాలేరు ప్రాంత రైతులు తమ మాగాణులు పోతాయంటూ ఆందోళనకు దిగారు. మార్గం మార్చాలన్న విజ్ఞప్తులు వెళ్లాయి. వీరిని అభివృద్ధి నిరోధకులని కొట్టిపారేయడం సులభమే గానీ సరికాదు. 2013 భూసేకరణ చట్టం ప్రకారం పరిహారానికి ఆధారం రిజిస్ట్రేషన్ లెక్కల్లోని విలువ. దానికి గుణకం వేసి, నూరు శాతం సొలేషియం కలుపుతారు. పత్రాల్లో రాసే ధరకూ బయట పలికే ధరకూ ఎంత వ్యత్యాసముందో ఈ జిల్లాలో భూమి కొన్నవారికీ అమ్మినవారికీ వేరే చెప్పనక్కరలేదు. అన్నీ కలిపినా పోయిన ఎకరానికి పక్క ఊరిలో మరో ఎకరం రాకపోవచ్చు. పైగా పట్టాలు పొలాన్ని రెండుగా చీలిస్తే మిగిలిన ముక్కకు బాట, కాలువ ఎలా అన్న ప్రశ్న ఉంటుంది. పట్టాల కింద నీటి తూములు, బండ్లు వెళ్లే దారులు ఎక్కడెక్కడ రావాలో సర్వే దశలోనే గ్రామస్థులు రాసివ్వాలి. కట్ట పోశాక అడిగితే వినేవారుండరు.

ఇప్పటివరకు వినతిపత్రాల్లో ఎక్కువగా కనిపిస్తున్నది స్టేషన్, ఫలానా రైలు ఆగాలన్న కోరిక. గూడ్సు షెడ్డు ప్రస్తావన అరుదు. సూర్యాపేటలో స్టేషన్ వచ్చి, గూడ్సు షెడ్డు రాకపోతే యూరియా రేక్ మిర్యాలగూడకే వెళుతుంది. షెడ్డు వచ్చినా మార్కెట్ యార్డుకు, గోదాములకు దూరంగా ఊరవతల వస్తే హమాలీ, లారీ ఖర్చులు రెట్టింపై ఉన్న లాభమూ హరించుకుపోతుంది. రైల్వేకు కావలసిందీ ఇక్కడి సరకు లెక్కే. ఏటా ఎన్ని టన్నుల బియ్యం బయటికి వెళుతోంది, ఎంత ఎరువు వస్తోంది, పత్తి బేళ్లెన్ని అన్న వివరాలు మార్కెటింగ్, పౌరసరఫరాల శాఖల వద్ద ఉన్నాయి. వాటిని ఒకచోట చేర్చి సర్వే అధికారులకు ఇవ్వడం జిల్లా యంత్రాంగానికి అసాధ్యమేమీ కాదు.

కోదాడ విషయంలో అంత నిరీక్షణ కూడా అవసరం లేదు. మోటుమర్రి నుంచి విష్ణుపురం వరకు పట్టాలు ఇప్పటికే ఉన్నాయి. రెండు ప్రధాన మార్గాలకూ అవి కలిసే ఉన్నాయి. ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి ప్యాసింజర్ బండి నడపడానికి కావలసింది ప్లాట్‌ఫారాలు, టికెట్ల కిటికీ, మేళ్లచెరువు స్టేషన్ నుంచి కోదాడ, హుజూర్‌నగర్‌లకు రైలు వేళకు కలిసే ఆర్టీసీ బస్సు.